పిడికిలి మీద అరచెయ్యి

ఫోషాన్‌లోని పాత కుంగ్‌ఫూ శాల. పోటీ శాల నుంచి వచ్చిన అతిథులు విసవిసా వెళ్ళిపోయాక గురువు బల్లమీద కూలబడ్డాడు. పెద్ద శిష్యురాలు టీ పోసింది.

“పన్నెండుమంది వరసగా నిలబడి, కుడి పిడికిలి మీద ఎడమ అరచెయ్యి మూసి దండం పెట్టారు గురువుగారూ. మీరు జేబుల్లోంచి చేతులే తియ్యలేదు. ఇక పండగకి ఆడే సింహం ఆటలో మనతో కలవరట.”

“పోనీలే.”

“ఏమైంది మీకు?”

“ఈ ఎడమచెయ్యి చూడు. పక్షవాతం తగ్గిందన్నాను గానీ, వేళ్ళు విచ్చుకోవడంలేదమ్మా. ఎప్పుడూ పిడికిలే. దాన్ని కుడిచేత్తో మూశానంటే అది శవం దగ్గర పెట్టే దండం.”

“ఉత్త కుడి పిడికిలి చూపిస్తే?”

“కొట్టుకుందాం రమ్మన్నట్టు. కొట్టనులే అని చెప్పేది దాన్ని మూసే ఎడమ అరచెయ్యే. నాకిక అది లేదు.”

“ఆ మాటే వాళ్ళకి చెప్పొచ్చుగా.”

“ముప్ఫై ఏళ్ళు వాళ్ళకి ఎదురు నిలిచినవాణ్ణి. అవిటి చెయ్యి చూపించి జాలి అడుక్కోనా?”

ఆమె టీ కూజా కింద పెట్టింది.

“కుడి పిడికిలి బిగించండి.”

“ఎందుకు?”

“బిగించండి.”

ఆమె ఆయనకు ఎడమపక్కగా వచ్చి, తన ఎడమ అరచేతిని ఆ పిడికిలి మీద కప్పింది.

“టీ తాగి లేవండి. వాళ్ళ బస్సు ఇంకా వీధి చివరే ఉంది.”