తొంభై తొమ్మిది దగ్గర ఆగిన చోడవరం

నోరు నాకు పుట్టుకతో వచ్చింది. కంప్యూటర్ పనేమో పుస్తకాలు చదివితే వచ్చింది. ఈ రెంటిలో ఊళ్ళో నాకు పేరు తెచ్చింది మొదటిదే. అది ఏ పేరో మాత్రం అడక్కండి.

ఆవేళ పొద్దున్న పదిన్నరకి మా కాంప్లెక్సులో కరెంటు పోయింది. లైను మరమ్మతట. మేడమీద ఆఫీసుల వాళ్ళు మెట్లు దిగి అచ్చియ్యమ్మ టీ బడ్డీ దగ్గరికి చేరేరు. మేడమీద పెద్ద ఆఫీసు లక్ష్మీనరసింహం గారి ఎరువుల ఏజెన్సీ. బిల్లులకీ సరుకుకీ ఆయన కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాన్ని పద్నాలుగు సిస్టముల్లోనూ ఎక్కించే పని కింద షాపు పెట్టుకున్న నాకిచ్చేరు. పన్నెండు గంటలకల్లా అది తెరుచుకుంటే ఏడాది పొడుగునా వాళ్ళ సిస్టముల బాగోగులు నావి. లేకపోతే విశాఖపట్నం కంపెనీవి. వాళ్ళ మనిషి అప్పటికే బస్సెక్కేడు. నా పేరు ఆయనకి చెప్పింది ఆ ఆఫీసులోనే బిల్లులు కొట్టే హారతి, రావికమతం గుంట. ఈ పని చెడితే నాతోపాటు దాని మాటా పోతుంది.

నేను పొద్దున్నే పని ముగించుకుని దిగేను. ఎవరూ తెరిచి చూడకముందే కరెంటు పోయింది కాబట్టి చూపించడానికి లేదు. చూపించడానికి లేనప్పుడు చెప్పడమొక్కటే దారి. నరసింహం గారు బల్లమీద కూచుని టీ ఊదుకుంటున్నారు. ఆయనకి తిన్నగా చెప్తే బేరంలా ఉంటుందని, ఆటోలోంచి కాళ్ళు బయటపెట్టి కూచున్న గౌరీశంకర్ని పట్టుకున్నాను.

"ఒరే గౌరీశంకర్, సాఫ్ట్‌వేర్ ఎక్కించడమంటే ఏటో తెలుసా నీకు?"

"నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కడం కాదేటి అక్కా?"

"అది మామూలు మనుషులు చేసేది. ఒక్కో సిస్టమ్ ముందర కూచుని నెక్స్ట్ నొక్కి, ఒప్పుకుంటన్నానని నొక్కి, మళ్ళీ నెక్స్ట్ నొక్కి, అలా పద్నాలుగింటికి నొక్కితే వేలు అరిగిపోయి రేపు రేషన్ షాపులో వేలిముద్ర పడదు. నాది సైలెంట్ ఇన్‌స్టాల్. ఒక్క కుర్చీలో కూచుంటాను, ఒక్క ఆర్డరేస్తాను, అది తీగలంట పోయి అన్నిట్లోకీ దిగిపోతాది. ఏటీ అడగదు, ఏటీ చూపించదు, స్క్రీన్ మీద ఈగ వాలిన చప్పుడు కూడా ఉండదు."

"సప్పుడు లేని పని, అదీ నీ సేత?" అంది అచ్చియ్యమ్మ, గ్లాసులు కడుగుతూ. "ఓలమ్మ, కలికాలం."

"నాకూ అదే ఆశ్చర్యం పిన్నీ. ఊరందర్లోకీ పెద్ద నోరున్నదాన్ని ఏరి మరీ దేవుడు ఈ పనిలో పెట్టేడు. సరే, పోయిన వారం మొదటిసారి వేసేను. ఏటీ అవలేదు. చూసేను, చూసేను, లేచి చుట్టూ తిరిగేను, తిట్టేను. నా తిట్లకి పక్కగదిలో ప్రింటరు బెదిరిపోయి రెండు తెల్ల కాయితాలు కక్కింది గానీ ఇది కదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏటైంది?"

"లోపలెక్కడో, ఎవరికీ కనపడకుండా, అదొక ప్రశ్న అడిగి కూచుంది. పాతది తీసెయ్యమంటారా, ఉంచమంటారా అని. సైలెంటు కదా, పైకి అడగదు. అచ్చం కొత్తల్లుడు! విస్తట్లో కూర అయిపోతే నోరు తెరిచి అడగడు, లేవనూ లేవడు, అత్తగారే కనిపెట్టి వడ్డించాలి. నేను కనిపెట్టేను. అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఆర్డర్లో రాసి పడేసేను. ఇంక అల్లుడికి నోరు తెరిచే పనేటి?"

"అది మాత్రం నిజమేనండి," అంది హారతి గబగబా, నరసింహం గారి వేపు చూసి. "నేను పక్కనే ఉన్నాను."

'మాత్రం' అన్నందుకు దాన్ని ఒక చూపు చూసి మళ్ళీ అందుకున్నాను.

"అల్లుడి సంగతి తేలింది, ఆఫీసు వాళ్ళ సంగతి తేలాలి కదా? సూది వెయ్యని డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళని ఊరు మనది. స్క్రీన్ మీద ఏటీ కదలకపోతే పని జరుగుతోందంటే ఎవరు నమ్ముతారు? ఒకాయన మౌసు టకటకలాడించేడు, ఒకాయన స్విచ్చాపి మళ్ళీ వేసేడు, స్టోర్సు ఆవిడైతే పాత టీవీని కొట్టినట్టు సిస్టమ్ నెత్తిమీద రెండంటించింది. సగం ఎక్కింది సగంలోనే చచ్చింది. అప్పుడు నేనేటి చేసేను? బార్ పెట్టేను."

గౌరీశంకర్ ఆటోలోంచి సగం లేచేడు. "బారా? ఎక్కడా?"

"నువ్వు కూచో. స్క్రీన్ మీద పెట్టేను. ఒక గీత, సున్నా నుంచి వంద దాకా నిండుతా పోతాది. నిజం చెప్పాలంటే లోపలి పనికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. లోపల సైలెంటు దాని పని అది చేసుకుంటాది, పైన ఇది వీళ్ళని కదలకుండా కూచోబెడతాది. అన్నం ఉడికేదాకా గుంటడి చేతికి గరిటిచ్చినట్టు. పసుపు రంగు గీత, ఎర్రంచు, వంద నిండగానే గంట మోగి 'అభినందనలు' అని అచ్చ తెలుగులో పడతాది. ఆ రంగుల కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి వద్దు. కూతురి పెళ్ళికి చీర ఎంచినట్టు ఎంచేను. మా షాపులో దాన్ని ఎన్నిసార్లు నడిపించి చూసుకున్నానో లెక్కలేదు. నడిపినప్పుడల్లా అసలు సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కుతా ఉంటే నా సిస్టమ్ పొట్ట పగిలిపోదూ? అందుకని దాని ఆర్డర్ ముందర మూడక్షరాలు పెట్టి పడుకోబెట్టేసేను. ఆర్, ఈ, ఎమ్. అవి ముందరుంటే సిస్టమ్ ఆ వరస చదువుతాది, తలూపుతాది, ఏటీ చెయ్యకుండా దాటిపోతాది. మా ఆయనలాగ."

అందరూ నవ్వేరు. నరసింహం గారు కూడా మీసం కింద కొంచెం నవ్వినట్టే ఉంది. నవ్వు చూస్తే నాకు పూనకం. అక్కడితో ఆపి ఉంటే నేను రమామణిని ఎలా అవుతాను?

"ఇంక ఈ పొద్దున్న సంగతి వినండి. ఎంటర్ కొట్టేను. పద్నాలుగు స్క్రీన్ల మీదా ఒకేసారి బార్. పది. ఇరవై. మౌసు మీద ఒక్క చెయ్యి పడితే ఒట్టు. ముప్ఫై దగ్గర స్టోర్సు ఆవిడ చెప్పులు విప్పేసింది. నలభైకి ఎవరో కొబ్బరికాయ తెచ్చేరు."

"కొబ్బరికాయ ఎవరూ తేలేదక్కా," అంది హారతి మెల్లిగా.

"నువ్వప్పుడు కిటికీ వేపు తిరిగున్నావు. యాభై అయ్యేసరికి కింద బ్యాంకుకొచ్చిన వాళ్ళు టోకెన్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కేసేరు. అరవైకి రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఎక్కడివక్కడ ఆగిపోయేయి."

"ఆ మలుపు కాడ రోజూ ఆగుతాయి కదక్కా."

"రోజూ ఆగేది మలుపుకి, ఇయ్యాల ఆగింది నా బార్‌కి. డెబ్బై. ఎనభై. అనకాపల్లి బస్సు కండక్టరు రైట్ రైట్ అనబోయి మొదటి రైట్ దగ్గరే నోరు తెరిచి ఉండిపోయేడు. తొంభై. నీ టీ కూడా చూసేవు కదా పిన్నీ, పొంగి గిన్నె అంచుదాకా వచ్చి, పైకి పోలేక కిందికి దిగలేక అలా నిలబడిపోలేదూ?"

"అప్పుడికి నాను పొయ్యే ముట్టించనేదు."

"ముట్టించకుండానే పొంగింది. అదీ నా బార్ అంటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొంభై తొమ్మిది. ఆగిపోయింది. అది ఆగితే చోడవరం చోడవరమంతా ఆగింది. కోడి గుడ్డు సగం పెట్టి ఆలోచనలో పడింది. కె.కోటపాడులో అన్నదమ్ములు పొలంగట్టు కాడ తగువాడుకుంటంటే అన్న నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది, తమ్ముడు చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. రావికమతంలో తిరగెయ్యబోయిన అట్టు గాల్లోకి లేచి అక్కడే వేలాడింది. హారతీ, మీ ఊరే కదే, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పలేదూ?"

"మా ఇంట్లో ఇయ్యాల చద్దన్నం అక్కా."

"మీ పక్కింట్లో అడుగు. అప్పుడు నేను లేచేను. కొంగు బొడ్డులో దోపేను. కూరలో ఉప్పు తక్కువన్నవాణ్ణి చూసే చూపు ఒకటుంది నా దగ్గర, ఆ చూపు చూసేను దాన్ని. వంద! గంట మోగింది! ఆ గంటకి సాఫ్ట్‌వేర్ ఊపందుకుని పద్నాలుగు సిస్టములూ నింపేసి ఇంకా పొంగి పొర్లింది. పొర్లింది ఎక్కడికి పోతాది? జిరాక్స్ మిషన్లోకి దిగింది. ఫ్యానుకెక్కితే ఫ్యాను తిరుగుతా తిరుగుతా యూరియా ఎన్ని బస్తాలున్నాయో చెప్పింది. గోడమీద బల్లి జీఎస్టీ కడతాంది. అక్కడితో ఊరుకుందా, తీగలంట కె.కోటపాడు పోయింది. అక్కడెవరింట్లోనో మూలన పడేసిన పాత సిస్టమ్‌లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటన్నాయట. అది ఒళ్ళు దులుపుకుని లేచి కోళ్ళకి అద్దె బిల్లు కొట్టింది!"

గౌరీశంకర్ స్టీరింగ్ మీద పడి నవ్వుతున్నాడు. నేను నరసింహం గారి వేపు తిరిగేను. ఇంక చాటు మాటలెందుకు?

"ఇప్పుడు కరెంటెందుకు పోయిందనుకున్నారు బాబుగారూ? లైను మరమ్మతా? నా మొహం మరమ్మతు! సబ్‌స్టేషన్లో కరెంటంతా ఆ బార్ చూడ్డానికి మీ మేడమీదికొచ్చేసింది. ఇప్పుడు తిరిగెళ్ళడానికి దారి తెలీక మెట్లమీద కూచుంది. విశాఖపట్నం మనిషిని రానీండి. అతనొచ్చే బస్సులోకి కూడా మన సాఫ్ట్‌వేర్ దిగిపోయే ఉంటాది. టిక్కెట్టడిగితే కండక్టరు ఎరువు బస్తాకి బిల్లు చింపిస్తాడు."

సరిగ్గా అప్పుడే పక్క మందుల షాపు బోర్డు వెలిగింది. పైన ఫ్యాన్లు కదిలిన చప్పుడు. హారతి గ్లాసు బల్లమీద పెట్టి మెట్లకేసి పరిగెత్తింది.

"చూసేరా, పేరెత్తగానే సిగ్గుపడి వెనక్కెళ్ళిపోయింది," అన్నాను.

నరసింహం గారు టీలో చివరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, అంతసేపట్లో మొదటిసారి నోరు విప్పేరు.

"అమ్మా రమామణీ, చిన్న అనుమానం."

"ఒక్కటేటి బాబుగారూ, పది అడగండి."

"పది లేవమ్మా. మీ షాపులో బార్ చూసుకున్నప్పుడు అసలుదాన్ని మూడక్షరాలు పెట్టి పడుకోబెట్టేనన్నావు."

"పడుకోబెట్టేను."

"పొద్దున్న మా ఆఫీసుకి తెచ్చే ముందు లేపేవా?"

నేను నోరు తెరిచేను. పొద్దున్న బార్ పసుపురంగు ఎంత బాగుందో చూసుకున్నాను, గంట ఎంత శ్రావ్యంగా మోగిందో విన్నాను, అభినందనల్లో భకి ఒత్తు సరిగ్గా పడిందా లేదా అని కూడా చూసేను. మూడక్షరాలు? ఖాళీ విస్తరి ముందర కొత్తల్లుడిలా కూచుండిపోయేను.

పైనించి హారతి పిట్టగోడ మీదికి వంగింది. దాని మొహం చూస్తే నాకు వినక్కర్లేకపోయింది.

"అక్కా! నాలుగు తెరిచి చూసేను! అన్నిట్లోనూ పాతదే ఉంది! కొత్తది ఎక్కడా లేదక్కా!"

బడ్డీ దగ్గర ఎవరూ కదల్లేదు. తొంభై తొమ్మిది దగ్గర ఊరు ఆగడమంటే ఏమిటో నాకప్పుడు కళ్ళారా కనపడింది.

"అయితే మరి కోళ్ళకి బిల్లు కొట్టిందెవులక్కా?" అన్నాడు గౌరీశంకర్.

ఆ నవ్వులు రావికమతం దాకా వినపడి ఉంటాయి. ఇది కోత కాదు. నరసింహం గారు మాత్రం నవ్వలేదు. చేతి గడియారం చూసుకున్నారు.

"ఆ మూడక్షరాలూ తియ్యడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"తియ్యడానికి క్షణం. అన్నిట్లోనూ ఎక్కడానికి అరగంట." అంత పొట్టి మాట నేను ఎప్పుడన్నానో నాకు గుర్తు లేదు.

"విశాఖ బస్సు రావడానికి ఇంకా గంట. హారతి నీ మీద నమ్మకంతో చెప్పింది. వెళ్ళు."

లేచేను. సగం టీ గ్లాసులోనే ఉండిపోయింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనకనించి అచ్చియ్యమ్మ కేకేసింది.

"ఒసే రమామణీ! ఆ మూడచ్చరాలూ తీసి పారీకు. నీ నోటి ముందర ఎట్టుకో!"

పెట్టుకున్నాను. మెట్ల మీద ఒక్క మాట లేదు, పైన ఒక్క మాట లేదు. హారతి కుర్చీ జరిపింది, కూచున్నాను. బార్ తీసి పక్కన పడేసేను. గంట తీసేసేను. ఎవరి చెయ్యీ మౌసు మీద పడకుండా హారతి గుమ్మంలో చేతులు చాపి నిలబడింది. పద్నాలుగు స్క్రీన్ల మీదా ఏమీ కనపడలేదు. అరగంటకి హారతి కొత్తదాంట్లో మొదటి బిల్లు కొట్టింది.

పన్నెండుకి విశాఖపట్నం మనిషి వచ్చేడు. మేడమీదికెళ్ళి, దిగి, అచ్చియ్యమ్మ దగ్గర టీ తాగి, మళ్ళీ బస్సెక్కేడు. ఏటైందక్కా అని గౌరీశంకర్ రెండుసార్లు అడిగేడు. తలూపి, ఏమీ చెప్పకుండా దాటిపోయేను.