ఎల్లేశం కుట్టిన షేకు కారు

తంగళ్ళపల్లి రోడ్డు మీద మొగిలవ్వ చాయ్ హోటల్ల పొద్దుగాల నలుగురు గూడుతరు. ఆ దినం గూడినోళ్లంత ఎల్లేశం నోరు సూసుకుంట కూసున్నరు. ఎల్లేశం రెండేండ్లు దుబాయిల ఉండి అచ్చిన్నని చెప్పుకునే మనిషి. ఆయన అంగీ జేబుల మొగిలవ్వ తమ్ముడు దేవేందర్ పాస్‌పోర్టు ఉన్నది. సిరిసిల్లల దేవేందర్ నడిపే మగ్గాలు బందువడి నాలుగు నెలలాయె. "నా షేకుకు ఒక్క మాట చెప్త, సీట్లు కుట్టే పని, నెల తిరిగేసరికి ఇమానం ఎక్కుతవ్" అన్నడు ఎల్లేశం. దేవేందర్ నమ్మిండు.

మొగిలవ్వకు నమ్మబుద్ధి అయితలేదు, కాదనబుద్ధీ అయితలేదు. ఇద్దరు పిల్లలున్నోడు ఎన్నాళ్లని ఖాళీగ తిరుగుతడు? కానీ గల్లా పైన గోడకు ఆమె పెనిమిటి గంగయ్య ఫోటో ఉన్నది. దుబాయిల లారీ నడిపి, రెండోసారి పోయి, శవమై పెట్టెల తిరిగచ్చిండు. అందుకే ఆమెకు భయం.

"ఏమున్నదే, చిన్న పనే," అని మొదలువెట్టిండు ఎల్లేశం. "షేకుకు వాళ్ల నాయిన కాలం నాటి కారున్నది. ఎర్రది, ఇద్దరే కూసుండేది, రేసులల్ల ఉరికేది. సీట్ల తోలు పలిగి స్పాంజి బయటికచ్చింది. రేడియో గురగుర అంటది తప్ప పాట రాదు. జర్మనీకెల్లి ఇద్దరు మేస్త్రీలను పిలిపిచ్చిండు. వాళ్లు సూసి, మాతోని కాదని దండం వెట్టి పోయిన్రు. గప్పుడు నేను ముందటికి పోయిన. ఒక్క సూది, ఒక్క దారం. రెండు సీట్లు, డోర్ల అట్టలు, పైకప్పు బట్ట, అన్నీ ఒక్కటే దారంతోని కుట్టిన, నడుమ ముడి లేదు. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అన్నడు విఠల్. బస్సు పోతదని లేసినోడు మల్ల కూసున్నడు.

"షేకు తల్లికి మోకాళ్ల నొప్పులు. సీటెట్లున్నదో సూత్తనని కూసున్నది. మూడు దినాలు దిగలే! బిర్యానీ గూడ కార్లకే తెచ్చి పెట్టిన్రు. నాలుగోనాడు దిగి, చేతి కట్టె పారేసి ఉరికింది."

"ఉరికిందా?" ముసలి శంకరయ్యకు చాయ్ గొంతుల పడ్డది.

"ఉరికితే ఒంటె అందలే! ఇగ పాటల సంగతి. పాత రేడియో పీకి పారేసిన. డోర్లల్ల రెండు స్పీకర్లు, సీట్ల కింద రెండు, ఎన్క డిక్కీల నీళ్ల గోలెమంత బేసు డబ్బ. స్విచ్చి వేసిన. నాలుగు కోసుల దూరంకెల్లి ఒంటెలు అచ్చి కారు సుట్టు వరుసగ మోకాళ్ల మీద కూసున్నయి. సౌండు ఇంకింత పెంచిన. ముందటి ఇసుక గుట్ట లేసి అవతలికి పోయి కూసున్నది. పోయినేడు ఎండకాలం మబ్బు లేకుండ ఉరిమింది, యాదికున్నదా?"

"ఉరిమింది," అన్నడు విఠల్.

"ఉరుము గాదే! గది నా బేసు!"

అందరు నవ్విన్రు. దేవేందర్ నవ్వలే. వాడు అప్పటికే ఆ కారు పక్కన సూది పట్టుకొని నిలవడ్డట్టు సూత్తున్నడు. తమ్ముని మొకం సూసి మొగిలవ్వ పానం ఉసూరుమన్నది.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? నువ్వే నడుపుమన్నడు షేకు. కుడి మోచెయ్యి కిటికీల పెట్టి, ఎడమ చేత్తోని గేర్లు మార్చుకుంట దౌడు తీపిచ్చిన. ఇమానం మా ఎన్కవడ్డది!"

చాయ్ వోత్తున్న మొగిలవ్వ చెయ్యి ఆగింది. గోడకున్న ఫోటోల గంగయ్య లారీల కూసొని, ఎడమ మోచెయ్యి కిటికీల పెట్టి నవ్వుతుంటడు. ఆ ఫోటో అచ్చిన కొత్తల స్టూడియోవోళ్లు తిర్లమర్ల తీసిన్రనుకున్నది. గంగయ్య సెలవుల అచ్చి, ఆడి బండ్లు గట్లనే ఉంటయని పడి పడి నవ్విండు.

"ఎల్లేశం, గేరు ఏ చేత్తోని వేసినవ్?"

"ఎడమ చేత్తోని వదినా. ఏం?"

"ఆడ స్టీరింగు ఎడమ దిక్కుంటది గదా?"

ఎల్లేశం అంగీ కాలరు సదురుకున్నడు. "గది పాత కాలం బండి వదినా. ఇంగ్లండుకెల్లి తెచ్చింది. దాని లెక్కే వేరు."

"సరే. మరి రోడ్డుకు ఏ పక్కకు నడిపినవ్?"

"ఎడమ పక్కకు. ఏడనన్నా గంతే గదా?"

"ఆడ బండ్లన్నీ కుడి పక్కకు పోతయి. ఎడమ పక్కకు పోతే ఎదురుంగచ్చే లారీ కింద పడుదువు. ఆ లారీ నడిపినోని పెండ్లాన్నే నేను."

ఎవ్వలూ నవ్వలే. మొగిలవ్వ చెయ్యి సాపింది. ఎల్లేశం జేబులకెల్లి పాస్‌పోర్టు తీసి ఆమె చేతుల పెట్టిండు. ఆమె దాన్ని రొండిల దోపుకున్నది.

"మరి షేకు?" అన్నడు దేవేందర్.

"లేడు బావా. బొంబాయి కాడ భీవండిల ఆటో సీట్లు కుట్టిన. ఈ రెండేండ్లు ఆన్నే ఉన్న. ఊళ్లె అడిగితే దుబాయి అన్న. అన్నంక ఇగ ఆపరాలే. నీ పాస్‌పోర్టు ఏం చేయాల్నో నాకే సమజైతలే."

దేవేందర్ ఎల్లేశం దగ్గరికి జరిగి కూసున్నడు. "కుట్టుడన్న నిజమేనా, అదీ కోతలేనా?"

"కుట్టుడు నిజమే."

"మూడు దినాలు దిగకుండ కూసుంటరా నీ సీట్ల?"

ఎల్లేశం నోరు తెరిసిండు. అలవాటు కొద్ది ఏదో అనవోయి మొగిలవ్వ దిక్కు సూసిండు. ఆమె చాయ్ గిలాస ఆయన ముందట పెట్టి, నడుముల చేతులు పెట్టుకొని నిలవడ్డది.

"కరీంనగర్ దాక నడుము నొయ్యదు," అన్నడు ఎల్లేశం. "రోడ్డు మంచిగుంటే."