శేషగిరి డ్రోను నిలబడ్డ రోజు

శేషగిరి ఉన్నాడే, మా పడమటి బజారోడు, వాడికి చేతకాదనే మాట పడదు. ఒక పూట కూడు లేకపోయినా ఉంటాడు గానీ ఆ మాటంటే మాత్రం ఉండలేడు. మిరపకాయల తొడిమలు తీస్తానే వినండమ్మా, చేతులాగితే మేస్త్రి నన్నంటాడు, మిమ్మల్ననడు. ఆ, ఏం చెప్తన్నా, శేషగిరి. పొలం కౌలుకిచ్చేశాడు, పనేమో లేదు, ఇంట్లో ఏది కనపడితే అది విప్పుతాడు. మిక్సీ విప్పాడు. మళ్ళీ బిగించాక కాసిని మరలు మిగిలినయ్. ఏందయ్యా ఇవి మిగిలినయ్యంటే, కంపెనీవోళ్ళు ఎక్కువేశార్లే అన్నాడంట. ఆ రోజు నుంచీ అది తిరగలా. అనసూయ, అదే వాడి పెళ్ళాం, బంగారం లాంటి మనిషి, మారు మాట్లాడకుండా రోలు కడుక్కుని పచ్చడి నూరుకుంది. దాని అన్న సుబ్బారాయుడు మాత్రం చూడ్డానికొచ్చి, ఏం బావా, మా చెల్లెలు మిక్సీ తెచ్చుకుంటే నువ్వు రోలు చేసిపెట్టావే అని నవ్వాడు. ఆ నవ్వు వీడికి ముల్లు గుచ్చుకున్నట్టు లోపలే ఉండిపోయింది.

ఇట్టా ఉండగా ఏమైందంటే, వాడికి డ్రోను పిచ్చి పట్టింది. పెళ్ళిళ్ళలో పైనుంచి ఫొటోలు తీస్తదే, అది. తయారుగా ఉన్నది కొనుక్కోవచ్చుగా? కొనడు. ముక్కలు ముక్కలుగా తెప్పించి, నేనే చేస్తానని కూర్చున్నాడు. వసారా నిండా తీగలు, రెక్కలు, మరలు. ఏ ముక్క చీపురుకి తగిలి పోయిద్దో అని అనసూయకి ఊడవాలన్నా భయమే. మొత్తానికి బిగించాడనుకో. బజారోళ్ళందర్నీ పిలిచాడు. రిమోటు చేత పట్టుకుని, ఇదిగో, నేనెటు పొమ్మంటే అటు పోయిద్ది, ఆగమంటే గాల్లో మేకు కొట్టినట్టు ఆగిద్ది, నా మాట దాటదు అన్నాడు. వాడి కొంప ముంచింది ఆ మాటే.

ఎగరేసే ముందు దానికి మట్టం పెట్టాలంట. అంటే ఏం లేదు, సమంగా ఉన్న చోట దాన్ని పెట్టి, ఇదే సమానం, ఇట్టా ఉంటేనే నువ్వు కదలకుండా ఉన్నట్టు అని దానికి నేర్పాలంట. శేషగిరి ఏం చేశాడూ, వాళ్ళ ఇంటి ముందు అరుగుని కండువాతో తుడిచి, దాని మీద డ్రోను పెట్టి, మూతి బజారు వైపు తిప్పి, ఫోన్లో నొక్కాడు. అది కీమంది. కుదిరిందన్నాడు. మూతి అటే ఉంచి బజార్లో పెట్టి లేపాడు. లేచింది, బాగానే లేచింది, అబ్బో అన్నాం అందరం. లేచింది ఒకచోట నిలబడాలా? నిలబడలా. ఎవరో పిలిచినట్టు మెల్లిగా బజారు దాటి, ఎదురింటి మాణిక్యం డాబా మీదికి పోయింది. వెనక్కి లాగితే వస్తంది, చెయ్యి వదిలితే మళ్ళీ అటే. మాణిక్యం మొగుడు లారీ మీద పోతాడు, ఇంటికి ఎప్పుడొస్తే అప్పుడొచ్చినట్టు. మాణిక్యమేమో పొద్దున్నే డాబా మీద వడియాలు పెట్టుకుంటా, తల ఆరబెట్టుకుంటా ఉంటది. దాని నోటికి ఊరంతా భయమే, నాక్కూడా. శేషగిరిని మాత్రం నోరారా అన్నయ్యా అని పిలిచేది పాపం.

శేషగిరి గాలన్నాడు. సరే, గాలే అనుకున్నాం. మర్నాడు ఆకు కదలట్లా, ఉక్కపోసి చస్తన్నాం, అది మాత్రం మాణిక్యం డాబా మీదికే. అయితే సెల్ టవరు లాగతందన్నాడు. టవరు అటు లేదు, మా వెనక చెరుకు తోటల్లో ఉంది. అయితే రెక్కలన్నాడు. రెక్కలన్నీ ఊడబీకాడు. అవి రెండు రకాలంట, కుడికి తిరిగేవి కొన్ని, ఎడమకి తిరిగేవి కొన్ని, ఎదురెదురు మూలల్లో ఒక రకం ఉండాలంట. వీడు మార్చి బిగించాడు. లేపితే అది లేవలా, బొక్కబోర్లా పడి పేడపురుగులా గింజుకుని, అనసూయ మల్లెపాదు సగం కోసేసింది. ఏందయ్యా ఇది అంటే, పాదు అడ్డమొచ్చిందన్నాడు.

రెక్కలు మళ్ళీ ఎప్పట్లా బిగించి, ఆ తర్వాత దిక్సూచి అన్నాడు. దాని లోపల దిక్సూచి ఉంటదంట, అది తికమక పడితే మనిషి పట్టుకుని తిప్పాలంట. బజారు మధ్యలో నిలబడి, డ్రోనుని రెండు చేతులా పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుని, తన చుట్టూ తను తిరిగాడు. తర్వాత దాని మూతి కిందికి వంచి మళ్ళీ తిరిగాడు. చూపంతా దాని మీదే, ఒళ్ళంతా చెమట, అటూ ఇటూ తూలతన్నాడు. అప్పుడే మా చెంచమ్మత్త గడ్డిమోపుతో వస్తా చూసింది. మోపు దించి, చేతులు జోడించి, తల్లీ, ఈ యేడన్నా వానలు కురిపిస్తావా అనడిగింది. వీడు తిరగతానే, దిక్సూచి అత్తా, దిక్సూచి అనరిచాడు. అట్టాగే తల్లీ అని దణ్ణం పెట్టుకుని మా దగ్గరికొచ్చి, అమ్మవారు అదేదో అడగతందే, మీ ఎవరింట్లోనన్నా ఉంటే తెచ్చి పెట్టండే అంది. నవ్వబాకండే, మేస్త్రి ఇటే చూస్తన్నాడు. ఇట్టా వాడు ఏం మార్చినా, మార్చాక మళ్ళీ అరుగు మీద పెట్టి మట్టం మాత్రం శ్రద్ధగా పెట్టేవాడు. అదొక్కటీ తప్పు లేకుండా చేస్తన్నానని వాడి నమ్మకం.

ఒకనాడు పొద్దున్నే అది పోయి పోయి మాణిక్యం గుమ్మడి వడియాల్లో పడింది. అప్పుడే పెట్టిన తడి వడియాలు, రెక్కలేమో తిరగతన్నయ్, ఇంకేముంది, మాణిక్యం మొహమంతా పిండి. చచ్చిన కోడిని తెచ్చినట్టు దాన్ని కాలు పట్టుకుని తెచ్చి శేషగిరి గడపలో పెట్టింది. అన్నయ్యా, రోజూ మా డాబా మీదికే వస్తందే, ఇది వడియాలు తినడానికొస్తందా, నన్ను చూడ్డానికొస్తందా అంది. ఎగతాళికే అంది, దాని మనసులో ఏం లేదు. కానీ వెనక అనసూయ నిలబడుంది. అప్పటికే పంపు దగ్గర ఆడోళ్ళు, ఇన్ని దిక్కులుండగా అటే ఎందుకు పోయిద్దే అని ముక్కున వేలేసుకుంటన్నారు. ఆ మాటలన్నీ అనసూయ చెవినా పడ్డయ్.

అనసూయ ఆ రోజు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుందంట. అరవలా, ఏడవలా. ఆ డ్రోను నీ మాట వింటదా, వినదా అనడిగింది. చూడండి ఎంత చిన్న ప్రశ్నో! వినదంటే వీడు చేతకానోడు. వింటదంటే వీడే పంపాడు. మీరైతే ఏం చెప్తారు? వినదే, నా ఖర్మ, ఎంత చేసినా వినట్లేదే అని చెప్పి పెరుగు పోయించుకుంటారు. వీడు ముద్ద మింగి, వినకేం, వింటది అన్నాడు. అయితే రోజూ మాణిక్యం డాబా మీదికి నువ్వే పంపతన్నావా అంది. ఛఛ, అది దానంతటదే, అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, టవరు అన్నాడు. అనసూయ చెయ్యి కడుక్కుని అన్నకి ఫోన్ చేసింది.

సుబ్బారాయుడు ఆటో వేసుకుని సాయంత్రానికల్లా దిగాడు. పదమ్మా, ఈ మనిషితో నీకేంటి అన్నాడు. అప్పుడు అనసూయ ఒక మాటంది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. నాకు ఈయనంటే ఇష్టమే అన్నయ్యా, ఉండాలనే ఉంది నాకు. రేపు పొద్దున అందరి ముందూ దాన్ని లేపి, రిమోటు కింద పెట్టి దూరంగా నిలబడమను. దానంతటది మాణిక్యం ఇంటి మీదికి పోతే ఈయన తప్పేం లేదు, మాణిక్యానికి బొట్టుపెట్టి చీర పెట్టి నా ఇంట్లోకి నేను పోతా. నిలబడిందా, ఇన్నాళ్ళూ చేత్తోనే పంపాడని లెక్క, నీ ఆటో ఎక్కుతా అంది. ఇంతకంటే న్యాయం ఏ పెద్దమనుషులు చెప్తారు? శేషగిరి కూడా ఊపిరి పీల్చుకున్నాడు. రోజూ పోయేదేగా, రేపూ పోయిద్ది. వాడు చెయ్యాల్సిందల్లా ఏం చెయ్యకుండా ఉండటం. అది కూడా చేతకాలేదు చూడండి.

పొద్దున్నే ఏమైందంటే, అనసూయ కాఫీ గ్లాసు విసురుగా తెచ్చి అరుగు మీద పెట్టింది, సగం ఒలికింది. ఒలికిన కాఫీ ఉన్నచోట ఉండలా, పాక్కుంటా అరుగంచు దాకా పోయి, బజార్లోకి, సరిగ్గా మాణిక్యం ఇంటి వైపుకి కారింది. శేషగిరి చూశాడు. అరుగుకి వాటం పెడతారు కదమ్మా, వాన నీళ్ళు గోడలోకి దిగకుండా బజారు వైపు పోవాలని. మీ ఇంటి అరుగైనా అంతే, మా ఇంటి అరుగైనా అంతే. వీడు ఇన్నాళ్ళూ ఆ వాలు మీద పెట్టి, ఇదే సమానం అని దానికి నేర్పాడు. అది నేర్చుకుంది. గాల్లోకి లేచినా అట్టాగే ముందుకి వంగేది, వంగితే ముందుకే పోయేది, ముందు ఉన్నది మాణిక్యం ఇల్లు. దాని తప్పేముంది చెప్పండి, చెప్పింది చెప్పినట్టు చేసింది.

సరే, తెలిసింది. తెలిసినోడు కడుపులో పెట్టుకుని ఊరుకోవచ్చుగా, ఒక్క పూట! నేను పాలు పొయ్యడానికి పోతే, పాలకేంద్రంలో నాపరాతి బల్ల మీద నీళ్ళ చుక్క వేసి, అది ఎటూ పారట్లేదని ఖాయం చేసుకుని, డ్రోను పెట్టి ఫోన్ నొక్కతన్నాడు. కీమంది. మొహం ఎలిగిపోతంది. ఒరే శేషగిరీ, ఇయాళ అది పోవాలి కదరా నీకు, ఏం చేస్తన్నావురా అన్నా. అనసూయకి నేను తర్వాత చెప్పుకుంటాలే పిన్నీ, అంతమంది వస్తన్నారు, సుబ్బారాయుడు కూడా చూస్తాడు, వాడి ముందు వంకరగా ఎట్టా ఎగరెయ్యను అన్నాడు.

బజారంతా నిండిపోయింది. వీడు దాన్ని లేపి, రిమోటు అరుగు మీద పెట్టి, చేతులు కట్టుకుని దూరం జరిగాడు. అది మనిషెత్తు లేచి ఆగింది. కదలదే! మాణిక్యం డాబా మీద నుంచి, రావే తల్లీ, రా, వడియాలు మళ్ళీ పెట్టుకుంటాలే, రావే అని రెండు చేతులా పిలుస్తంది. మాణిక్యం పరువు కూడా అందులోనే ఉందిగా. డ్రోను రాలా. అప్పుడు శేషగిరి ఏం చేశాడంటే, గంతేశాడు. ఎగిరి గంతేశాడమ్మా! చూశావా బావా, చూశావా, కదిలిందా అని అరుస్తన్నాడు. ఎందుకొచ్చామో మర్చిపోయి చప్పట్లు కొట్టినోళ్ళు కూడా ఉన్నారు, మన ఊరు సంగతి తెలిసిందేగా. అనసూయ సంచి తీసుకుని ఆటో వైపు నడిచింది.

నేను అడ్డం పోయా. ఆగవే అనసూయా, వీడిప్పుడే పాలకేంద్రంలో మట్టం సరిచేసుకొచ్చాడు, ఇన్నాళ్ళూ అరుగు మీద తప్పు పెట్టాడే, నేను కళ్ళారా చూశా అని అరిచా. దాని మొహంలోకి ప్రాణమొచ్చింది. వెనక్కొచ్చి, అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుని, నిజమేనా, తప్పు పెట్టావా, నాకు చేతకాలేదు అని ఒక్క మాటనయ్యా, అన్నయ్యని పంపించేస్తా అంది. బతిమాలిందమ్మా! వాడు దాని మొహం చూశాడు, పక్కన సుబ్బారాయుడి మొహం చూశాడు. నేను తప్పు పెట్టడమేంది, నా మట్టం మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది, పాలు పోసుకునే మనిషికి ఇవేం తెలుస్తయ్ అన్నాడు. అనసూయ చెయ్యి వదిలేసింది. అయితే పంపింది నువ్వే అంది. ఆటో ఎక్కింది.

ఇప్పటికీ పుట్టింట్లోనే ఉంది. వీడు పోతాడు, అది వాకిట్లోకొచ్చి, మాణిక్యం సంగతి నాకెప్పుడో అర్థమైందిలే, నువ్వు ఎవరి వైపూ చూసే మనిషివి కావు, నాకు కావాల్సింది ఆ ఒక్క మాట, అను, ఇప్పుడే వస్తా అంటదంట. వీడు నోరు తెరుస్తాడంట, మళ్ళీ మూసుకుంటాడంట, తిరిగొచ్చి గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకుంటాడు. కాస్త కూర పంపుదామన్నా మాణిక్యానికి భయమే, ఎవరేమంటారో అని. ఆడదాని డాబా మీదికి పంపాడన్న పేరైనా మోస్తాడంట గానీ అరుగు వాటం తెలియలేదన్న పేరు మాత్రం మొయ్యడంట. మొగుడు చెడ్డోడైతే తిట్టుకోవచ్చు, ఇట్టాంటోణ్ణి ఏం చేస్తాం? ఊళ్ళో ఇప్పుడు వాణ్ణి చేతకానోడని ఎవరూ అనరు. అనేది ఇంకో మాట, పెళ్ళికాని పిల్లలున్నారిక్కడ, నేను చెప్పను. ఆ మాటంటే మాత్రం వాడికి కోపం రాదు.