పద్నాలుగు స్వాగతాలు

“పద్నాలుగు స్వాగతాలు టీచర్ గారూ! పద్నాలుగు! జవాబు మాత్రం ఒక్కటీ లేదు.”

2007 ఫిబ్రవరి, శుక్రవారం పొద్దున పదకొండింటికి, చీరాల గడియారస్తంభం సెంటర్లోని తన నెట్ సెంటర్లో బుడాన్ ఇలా తల పట్టుకున్నాడు. మనిషి మంచివాడే, నోటికే తీరిక ఉండదు. పక్క కుర్చీ అంచున కూర్చుని వింటున్నది శాంతి. పొరుగూరి క్రైస్తవ మిషన్ హైస్కూల్లో పిల్లలకు కంప్యూటర్లు చెప్పే టీచరు.

“అంతమంది పలకరించారు కదండీ. పోలండ్ నుంచి, బ్రెజిల్ నుంచి... మనమెవరమో తెలియకుండానే.”

“పలకరిస్తారండీ! ఆ పేజీ ఉన్నదే అందుకు. ఆ నెట్ ఫోరం చర్చల్లో కొత్తగా చేరినవాళ్ళు వచ్చి నమస్కారం పెడితే, పాతవాళ్ళు స్వాగతం అంటారు. అంతవరకే దాని పని. మీ స్కూలు కంప్యూటర్ మిషన్ల మీద, సీడీతో నడిచే ఆ లైనక్స్ సిస్టం ఎందుకు మొరాయిస్తోందో అడగండి, ఆ సిస్టం తయారుచేసినవాళ్ళూ వాడేవాళ్ళూ అందరూ అక్కడే ఉంటారని మీ పేరు చేర్చి ఇచ్చాను. అడిగారా అంటే రాశానన్నారు. ఏం రాశారో ఇవాళేగా చూస్తున్నా.”

“తప్పులేమన్నా పోయాయా?”

“తప్పుల్లేవు. ఇంగ్లీషు ముత్యాల్లా ఉంది. ‘గౌరవనీయులైన అయ్యలకు ప్రభువు నామమున వందనములు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ మీ కుటుంబ సభ్యులూ క్షేమమని తలుస్తాను...’ ఏంటండీ ఇది?”

“ఉత్తరమండీ.”

“అడగాల్సిన ముక్క ఏది?”

“మొదటి ఉత్తరంలోనే సాయం అడిగేస్తామా? మొహం కూడా తెలియనివాళ్ళని? రెండు మూడు ఉత్తరాలు నడిచాక, కాస్త చనువొచ్చాక...”

“చనువొచ్చాకనా! సరే, ఇదిగో ఈ పోలండ్ తాత. పాపం తనంతట తనే అడిగాడు. ‘నీ మిషన్లు ఎలా నడుస్తున్నాయమ్మా?’ అని. మీరేం రాశారు?”

“బాగానే నడుస్తున్నాయి అని.”

“టీచర్ గారూ!”

“ఎలా ఉన్నారంటే బాగున్నామనే కదండీ అంటాం. అడిగీ అడగ్గానే మన ఏడుపు ఆయన నెత్తిన వేస్తామా?”

“మీ ఊళ్ళో ఏం పండుతాయని అడిగితే మాత్రం పేజీ నిండా రాశారు.”

“మిరప, పత్తి, పొగాకు. ఎండు మిరపకాయ కారం ఎంతుంటుందో ఆయనకి తెలియదట. వాళ్ళింటి బయట మోకాలి లోతు మంచుందట.”

“మంచూ కారమూ మాట్లాడుకుంటూ నాలుగు రోజులు పోగొట్టారు. సోమవారానికి కంప్యూటర్ల గది ఖాళీ చేయాలన్నారు మీ స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు. ఆయన మిరపకాయ బస్తాలు, ఆ టిక్కీలన్నీ వేసుకోవడానికి గది కావాలి. మిషన్లేమో పాత సామాన్లవాడికి. గది పోతే మీకు పాఠం లేదు, పాఠం లేకపోతే...”

“తెలుసండీ.”

“తెలిసీ కారం గురించి రాస్తారా!”

“బుడానూ, నా చీర అంచు డిజైను ప్రింటు తీశావా లేదా? మగ్గం ఖాళీగా ఉందయ్యా.”

“ఐదు నిమిషాలు బాపయ్య గారూ, కూర్చోండి.”

“పొద్దున్నుంచీ ఐదు నిమిషాలే నీకు.”

“ఇక్కడ ఎనిమిది మిషన్ల ప్రాణం మీదికొచ్చింది. కూర్చోండి ఒక్క నిమిషం. ఆఁ, టీచర్ గారూ, ఇవాళ శుక్రవారం కదా, స్కూల్లేదా మీకు?”

“ఉంది.”

“మరి?”

“ముందు ఇది రాద్దామండీ.”

“సరే. ఇదిగో, ఇది ప్రశ్నల పేజీ. కొత్తవాళ్ళకోసమే. మీరు చెప్పండి, నేను కొడతా. మొదట్నుంచీ, క్షేమ సమాచారాలు లేకుండా.”

“ఒక్క ముక్క...”

“ఒక్క ముక్క కూడా వద్దు. మిషన్లు ఎన్ని, ఎలాంటివి?”

“ఎనిమిది. గుంటూరులో పొగాకు కంపెనీ ఆఫీసువాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి మా స్కూలుకి ఇచ్చారు. వాటి మీద విండోస్ ఎక్స్‌పీ ఎక్కలేదు. మీరిచ్చిన సీడీ ఒక్కటే నడిచింది.”

“కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ. ఊఁ.”

“సీడీ పెట్టి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో లేస్తాయి. పిల్లలు టైపు చేస్తారు, బొమ్మలు వేస్తారు. తెల్లారి చూస్తే ఏమీ ఉండదు. పలక తుడిచినట్టే. జూన్ నుంచీ అంతే. రోజూ మొదటికే. సంక్రాంతి సెలవులయ్యాక కరస్పాండెంట్ గారు వచ్చి, ఇన్నాళ్ళూ పిల్లలేం చేశారో చూపించమన్నారు. ఏం చూపించను? ఎనిమిది తెరలూ ఖాళీ. అందరి ముందూ నవ్వారండీ ఆయన.”

“అదే నాకూ అర్థం కాదు. అదే సీడీ ఇక్కడ వేసి చూశాను, శుభ్రంగా దాచుకుంటోంది. మీవాటిలో డిస్కులు పోయాయేమో అనుకున్నా. పోనీ, పిల్లలెవరన్నా ఏదన్నా నొక్కి చెడగొట్టారా?”

“...అఖిల అని తొమ్మిదో తరగతి పిల్ల. పత్తి తీసే కూలీల ఇంటి పిల్ల. అన్నీ నొక్కుతుంది. ‘దాచుకునే దారి ఎక్కడో ఉంటుంది టీచర్, నన్ను వెతకనివ్వండి’ అంటుంది. బెల్లు కొట్టినా లేవదు.”

“గట్టి పిల్లే.”

“ఆ ముక్క కూడా రాయండి. ఒక పిల్ల ఏవేవో నొక్కితే ఇలా అన్నీ పోతాయా అని అడగండి.”

“అదెందుకండీ ఇప్పుడు?”

“రాయండి బుడాన్ గారూ.”

“రాశా. అయిపోయింది. పంపించేస్తున్నా.”

“చివర్లో కృతజ్ఞతలు?”

“పెట్టానమ్మా, పెట్టాను. బాపయ్య గారూ, ఇదిగో మీ ప్రింటు వస్తోంది.”

“రంగు లేదేంటయ్యా దీనికి?”

“రంగు మగ్గం మీద వేసుకుంటారుగా! అరె... ఆగండి ఆగండి. వచ్చింది! టీచర్ గారూ, జవాబు! పోలండ్ తాతే. అక్కడ ఇప్పుడే తెల్లారినట్టుంది.”

“ఏమన్నారు?”

“‘శాంతీ, నాలుగు రోజులుగా ఈ మాట చెప్పలేదేమమ్మా? సాయంత్రం మిషన్లని ఎలా ఆపుతారు?’ ఇదేం ప్రశ్న? ఎలా ఆపుతారు మీరు?”

“మెయిన్ లాగేస్తాం.”

“ఏంటీ?”

“నాలుగుంపావుకి లాంగ్ బెల్ కొడతారు. హెడ్మాస్టర్ ఆదాం గారు తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. వైర్లు కాలి గది అంటుకుంటుందని ఆయనకి భయం. పిల్లల్ని లేపి, గోడ మీద మెయిన్ కిందకి లాగేస్తాను. ఫాన్లు, లైట్లు, మిషన్లు అన్నీ ఒకేసారి ఆగుతాయి.”

“రోజూనా?”

“రోజూ.”

“జూన్ నుంచీ?”

“మీరెప్పుడూ అడగలేదుగా. తప్పా అది?”

“ఉండండి, రాస్తున్నా... ‘గోడ మీద మెయిన్ ఆపేస్తారు...’ పంపాను.”

“బుడానూ, నే పోతున్నా.”

“మంచిది బాపయ్య గారూ. ఇదిగో, వచ్చేసింది. అబ్బ, వేళ్ళా అవి! ‘అదేనమ్మా కారణం. ఈ సిస్టం నడిచినంతసేపూ మిషన్ జ్ఞాపకంలోనే ఉంటుంది, కరెంటు పోతే అంతా పోతుంది. మెనూలోకి వెళ్ళి ఆపితే, మొదటిసారి అదే అడుగుతుంది, చేసిందంతా దాచనా అని. అవునంటే చాలు. ఆ రోజు నుంచీ అన్నీ ఉంటాయి. మీరు ఎప్పుడూ దాన్ని అడగనివ్వలేదు.’ అంతే! అంతేనండీ! ఒక్క నొక్కుడు! నా తల తగలెయ్య, ఎలా ఆపుతున్నారని నేనొక్కసారి అడిగితే పోయేది.”

“పిల్ల గురించి?”

“ఆఁ?”

“పిల్ల గురించి ఏమన్నా రాశారా?”

“రాశాడు, కింద ఉంది. ‘ఆ పిల్ల వల్ల కాదు. ఎవరెన్ని నొక్కినా సీడీ మీద ఉన్నది చెడదు, అందుకే కదా మేం దీన్ని ఇలా తయారుచేసుకున్నాం. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే సరైన చోట వెతికింది ఆ పిల్ల ఒక్కతే. ఇంకో పది నిమిషాలు కూర్చోనిస్తే తనే కనిపెట్టేది. తన పేరు కూడా ఫోరంలో చేర్పించు. ఇలాంటి కొత్తవాళ్ళు వస్తేనే మాకు బలం.’ చూశారా! మీ అఖిలకి పోలండ్ నుంచి పిలుపు!”

“ఆ ముక్క మళ్ళీ చదవండి.”

“ఏ ముక్క?”

“ఆ పిల్ల వల్ల కాదన్నది.”

“‘ఆ పిల్ల వల్ల కాదు.’ చాలా? ఇంకేం కావాలండీ మీకు! పన్నెండింటికి మీ ఊరి బస్సుంది. వెళ్ళీ వెళ్ళగానే ఒక్క మిషన్ మీద పిల్లల చేత నాలుగు లైన్లు కొట్టించి, దాచి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి కరస్పాండెంట్ గారికి చూపించండి. సోమవారం దాకా టైముంది. లేవండి!”

“ఊఁ.”

“ఊఁ కాదు. లేవరేం? బస్సు పోతుందమ్మా.”

“వెళ్ళి ఏ మిషన్ మీద కొట్టించనండీ?”

“ఏదైనా ఒకటి. ఎనిమిదున్నాయిగా.”

“పొద్దున ప్రార్థన జరుగుతుండగానే పాత సామాన్లవాడి ట్రాక్టరు వచ్చింది. సోమవారం అన్నారు కానీ, టిక్కీలు ముందే వచ్చేశాయట. ఎనిమిదీ ఎక్కించేశారు. తెర ఒకటి జారి పగిలితే, పిల్లలు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి చూశారు. నేను బస్సెక్కేటప్పటికే గదంతా కారం ఘాటు.”

“...రాగానే చెప్పరేం మరి?”

“చెబితే మీరు ఇది రాసేవారు కాదు.”

“ఎందుకు రాస్తానండీ! లేని మిషన్ల గురించి, బాపయ్య గారిని కూర్చోబెట్టి, అంతసేపు... ఆ తాత ఎంత సంబరంగా రాశాడు! ఇప్పుడాయనకి ఏం చెప్పాలి? అసలు ఎందుకు అడిగించారు ఇదంతా?”

“మీకు కోపం రావడం న్యాయమేనండీ.”

“కోపం కాదమ్మా. అర్థం కాక అడుగుతున్నా. ఎందుకు?”

“మొన్న కరస్పాండెంట్ గారు తెల్ల కాగితం నా ముందు పెట్టి, ‘ఇవి ఎవరు చెడగొట్టారో రాసివ్వు, గది సంగతి ఆలోచిస్తాను’ అన్నారు. అఖిల పేరు రాసి సంతకం పెట్టానండీ. నిన్న ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపేశారు.”