డెబ్బై వారాల లెక్క

హనుమకొండలో ఒక చిన్న చర్చి. ఆదివారం ఆరాధనకు ముందు వెనక గదిలో పాస్టర్ సుందర్ రావు, ఆయన కూతురు, బైబిల్ కాలేజీలో యూదుల చరిత్ర చెప్పే హెప్సిబా.

"తలుపు తీయకు బిడ్డా. జర ఆగు."

"ఎంతసేపు డాడీ? హాలు నిండింది. యేసు ప్రభువు తిరిగొచ్చేది ఈ శుక్రవారమే అని మళ్లొకసారి నీ నోట ఇందామని కూసున్నరు."

"బైబిల్ల దానియేలు ప్రవక్త చెప్పిన డెబ్బై వారాల లెక్క ప్రకారం..."

"ఆ లెక్కలు నీకంటే ముందు యూదుల గురువులు, రబ్బీలు ఏసిన్రు. యెరూషలేము దేవాలయం కాలిపోయినంక, తమను ఇడిపించే మెస్సీయ ఇగొస్తడు అగొస్తడని ఏండ్లు ఎంచిన్రు. చెప్పిన ఏండ్లన్నీ దాటిపోయినయి. ఇగ రాడేమో అని జనం ఆశ ఇడుస్తుంటే, తారీకులు చెప్పేటోళ్లను వాళ్ల పెద్దలే శపించిన్రు."

"వాళ్లు యేసును నమ్మనోళ్లు."

"నమ్మకపోనీ. గుడి పోగొట్టుకున్నోళ్లు, డాడీ. మెస్సీయ రేపే రావాలని వాళ్లకంటే ఎక్కువ ఆశ ఎవరికుంటది? అయినా తారీకు చెప్పొద్దన్నరు."

"చిన్నగ మాట్లాడు. ఇనబడ్తది."

"ఇననీ. పూలమ్మ పెద్దమ్మ గుండె ఆపరేషన్ వద్దని దవాఖాన నుంచి ఇంటికొచ్చింది. శుక్రవారం ప్రభువొస్తే కొత్త దేహమే వస్తదట."

"నేను ఆపరేషన్ వద్దనలే."

"తారీకైతే చెప్పినవ్ కదా."

"ఇప్పుడు కాదంటే... కాదంటే మీ అమ్మ బతకది."

"నడుమ అమ్మ ఏంది?"

"పోయినేడు డాక్టరు ఆరు నెలలే బతుకుతదన్నడు. మీ అమ్మ అన్నం ముట్టలే, మందులు ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. సావు సూడకుంటనే ప్రభువును సూస్తవ్, ఇగో లెక్క అని సూపించిన. లేచి కూసున్నది బిడ్డా! ఇంటికొచ్చినోళ్లు ఇన్నరు. పది మందికి చెప్పిన్రు. ఆదివారం అందరు అడిగిన్రు. ప్రసంగం చెప్పే పుల్పిట్ మీద నిలబడి కాదని ఎట్లంటా?"

"లెక్క తప్పని నీకు ఎర్కేనా?"

"మొదటి రోజే ఎర్కే."

"డాడీ!"

"ఎట్ల బయటపడాల్నో తెలుస్తలేదు. ఎటు పోయినా ఒకరి పానం... ఎవరది? తలుపు తీసింది ఎవరు?"

"అమ్మా! నువ్వెప్పటిసంది ఉన్నవ్ ఈడ? కూసో, కూసో."

"కూసోను. అంతా ఇన్న. ఏమయ్యా, పో. పూలమ్మకు నిజం చెప్పు. ఆ లెక్క నేను ఏనాడూ నమ్మలే. నేను తినకుంటే నువ్వు గూడ పస్తులుండి సచ్చేటట్టున్నవని, నమ్మినట్టు చేసిన."