దిష్టికి పోయిన ఉప్పు

ఏడుకొండలవాడా, ఈ పూట నా నోట సత్యమే పలికించు తండ్రీ…

హలో… ఆ, నేనే, తిరుమలయ్యనే. చెప్పు గిరిప్రసాదూ.

… ఆ, పొద్దున్నే పోయినాను, మీరు దేవకమ్మకు బాడుగకిచ్చిన ఇంటికి. లైనంతా పరీక్ష చేసినాను.

… గీజరుది తప్పే. కాదనను. లోపల కాయిల్ చెడి కరెంటు కొళాయికి దిగింది. దిగినది ఎర్త్ తీగ పట్టుకోని భూమికి పోవల్ల గదా? ఫ్యూజు కొట్టేయల్ల గదా? దేవకమ్మ చేతిలోకి ఎందుకు పోయింది?

… లేదప్పా. ఫేజుకూ ఎర్త్‌కూ టెస్టు బల్బు పెడితే వెలగలేదు, ఎర్త్ ఉంటే వెలగల్ల. పచ్చ ఎర్త్ తీగ వెంబడే పెరట్లోకి పోయి, ఎర్త్ గుంత మూత తీసినాను. తీగ కొస గాలిలో వేలాడతా ఉండాది. పైపు దింపనే లేదు, దాని చుట్టూ పోయల్సిన ఉప్పు లేదు, బొగ్గు లేదు.

… ఏమైనాయా? నన్నా అడిగేది? గృహప్రవేశం నాడు ఆ ఉప్పు మూట మా చెల్లెలు దిష్టికి తీయలేదూ? బొగ్గులు సాంబ్రాణికి పోలేదూ? ‘ముహూర్తం దాటిపోతాది బావా, గుంత రేపు నింపిస్తాలే, రిపోర్టు మీద సంతకం పెట్టు’ అని నా చేతికి పెన్ను ఇచ్చిందెవరు?

… పెట్టినాను. ఎర్త్ కొలిచే మీటరు సంచిలోనుంచి తీయకుండానే ‘ఎర్త్ సరిగా ఉన్నది’ అని రాసినాను. నలభై ఏండ్లలో అదొక్కటే. ఆ పాపం నాది.

… తడిచేత్తో ముట్టుకునిందా? కొళాయిని పొడిచేత్తో తిప్పేవాళ్లు యాడుంటారప్పా?

… కర్మా? ఆ మాట ఎత్తొద్దు. బ్రహ్మ రాసిన రాత కాదది. నేను రాసింది.

… ఇప్పుడు గుంత నింపి, పాత తేదీతో ఇంకొక రిపోర్టా? ఆలస్యమైంది. కరెంటాఫీసులో ఇచ్చే వచ్చినాను. ‘ఎర్త్ లేదు. మూడేండ్ల కిందట పరీక్షించకుండానే ధ్రువీకరించితిని’ అని.

… తెలుసు. నా లైసెన్సు పోతాది. పోనీ.

… చెల్లెలు ఏడస్తా ఉండాదా? ఏడవనీ. దేవకమ్మకు నిన్న ఆస్పత్రిలో మూడు వేళ్లు తీసేసినారు. పూలు కట్టి బతికే మనిషి గిరిప్రసాదూ, మీ ఇంట్లో బాడుగకు దిగినందుకు.

… స్పీకర్లో పెట్టినావా? అందరూ వింటా ఉండారా? మంచిది. వినండి. ఈసారి ఉప్పు గుంతలో పోయండి. దిష్టి దానంతట అదే పోతాది. ఇంకొక మాట…

హలో?… హలో… పెట్టేసినావా.

… సరే. వినినవాళ్లనూ, వినకుండా పెట్టేసినవాళ్లనూ గోవిందుడు చల్లగా చూచుగాక. ఏ ఇంటి కొళాయీ ఏ చేతినీ కాల్చకుండుగాక.