ఒంటిగంట బులెటిన్

(ఖమ్మంలో ఒక కేబుల్ చానల్ కంట్రోల్ రూము. గోదావరి వరద మూడో రోజు సాయంత్రం. మేనేజర్ వెంకటకృష్ణ, ఆపరేటర్ సోని.)

“ముందు ఏది ఎప్పుడు పోయిందో మిషన్ల ఎక్కిన ఆ లాగ్ తుడిచెయ్యి సోనీ. తర్వాత మాట్లాడుకుందాం.”

“తుడవను సార్.”

“ఏందమ్మా నీ మొండితనం? పొద్దున్నుంచి భద్రాచలం ఘాట్ లైవ్ పోతుంది. మూడో ప్రమాద హెచ్చరిక, ఊళ్లు ఖాళీ చెయ్యమంటున్నరు. సరిగ్గ ఒంటిగంటకు లైవ్ కట్టయి నిన్నటి బులెటిన్ ఎట్ల పోయింది?”

“మిషనే మార్చింది సార్.”

“మిషన్‌కి ఎవరు చెప్పిన్రు?”

“నేనే. రోజూ ఒంటిగంటకు లైవ్ తీసి రికార్డు బులెటిన్ ఎయ్యమని షెడ్యూల్ పెట్టిన. అన్నం తినే టైమని.”

“ఇయ్యాల తీసెయ్యొచ్చు గద?”

“మర్చిపోయిన.”

“కొత్త బులెటినన్న ఎక్కియ్యొచ్చు గద?”

“లైవ్ నడుస్తుంది గద, ఎందుకులే అనుకున్న సార్.”

“ఎందుకులే! ‘నీళ్లు తగ్గుతున్నయి, భయపడొద్దు’ అని ఇరవై నిమిషాలు పోయింది. అది నిన్నటి మాట. బూర్గంపాడు దిక్కు ఒక తండోళ్లు ట్రాక్టర్ల మీదికెక్కిచ్చిన సామాను మళ్ల దించుకున్నరంట. ఆరుగురు... సరే, పోయినోళ్లు పోయిన్రు. ఘాట్ కాడ సిగ్నల్ పోయిందని రాద్దాం. గీ వానకు ఎవరైనా నమ్ముతరు.”

“సిగ్నల్ పోలే సార్.”

“నీకు తెలుసు, నాకు తెలుసు. పొద్దుగాల ఆఫీసర్లొస్తరు. కేసైతది, జైలుకు పోతవ్. నీ కోసమే చెప్తున్న.”

“నా కోసమా, చానల్ కోసమా?”

“ఇద్దరి కోసం! ఆ ఇరవై నిమిషాలు నువ్వెక్కడున్నవ్?”

“వెనక రూంల. టిఫిన్ డబ్బా ఇప్పుకున్న.”

“ఎవరన్న చూసిన్రా?”

“లేదు.”

“ఫోన్లేమన్న వచ్చినయా?”

“లాగ్ మాత్రం తుడవను సార్.”

“సోనీ, అడిగింది చెప్పు. ఫోనొచ్చిందా?”

“ఒకటొచ్చింది. ఒకటీ పదికి.”

“ఎవరు?”

“మా నాయిన.”

“ఏమడిగిండు?”

“తండాల అందరం ట్రాక్టర్ ఎక్కబోతున్నం బిడ్డా, టీవీల నీళ్లు తగ్గుతున్నయంటున్నరు, నిజమేనా అన్నడు.”

“నువ్... నువ్వేం చెప్పినవ్?”

“మానిటర్ దిక్కు చూడలే సార్. నోట్ల ముద్ద ఉంది. మన చానల్ల చెప్పిందే నిజం నాయినా, దాన్ని పంపేది నేనే అన్న.”